కప్పు బొమ్మ చదునుగా వస్తుంటే నేను సరిచేసిన పద్ధతి

కప్పు అడుగును తిన్నని గీతతో ముగిస్తే ఎంత షేడింగ్ చేసినా గుండ్రదనం రాదు. అందుకే ముందు మధ్యలో ఒక నిలువు గీత తేలిగ్గా గీసి, మూతి దీర్ఘవృత్తాన్ని దానికి అటూ ఇటూ సమానంగా వేశాను. కప్పు కంటిమట్టానికి కింద ఉంటే, అడుగు వంపు మూతి వంపుకన్నా కాస్త ఎక్కువ గుండ్రంగా ఉండాలి. మూతి కొసలు మొనదేలకూడదు, మెత్తగా తిరగాలి.

షేడింగ్‌లో అసలు తంటా వెలుతురుతోనే. గదిలో రెండు మూడు లైట్లుంటే నీడలు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. అన్నీ ఆర్పి, ఒక్క దీపం పక్కనుంచి, సుమారు 45 డిగ్రీల ఎత్తులో పెట్టాలి. కళ్లు చికిలించి చూస్తే వెలుగూ నీడా విడిపోతాయి. నీడ భాగమంతా 2బీ పెన్సిల్‌తో (బీ ముందు అంకె పెరిగేకొద్దీ గీత నల్లగా పడుతుంది) ఒకే పలుచని పూత, ఆపైన 4బీతో గాఢమైన పట్టీ. ఆ పట్టీ పక్క అంచు మీద కాదు, కొంచెం లోపలే పడుతుంది. అంచు దగ్గర బల్ల మీంచి తిరిగొచ్చే వెలుగుంటుంది. దాన్ని వెలుగువైపంత తెల్లగా వదిలితే గుండ్రదనం పోతుంది, ఇది చాలామంది దాటలేని చోటు. 6బీ మాత్రం కప్పు బల్లను తాకే సన్నని గీతకే. వేలితో రుద్దొద్దు: చర్మం జిడ్డు అంటిన మచ్చలు రబ్బరుతో సరిగా పోవు.