రాగి బుల్లెట్లతో సీజన్‌కు వెళ్లే ముందు

కాలిఫోర్నియా తీరప్రాంతపు ఎ జోన్‌లో జింకల వేటకు జనరల్ సీజన్ ఆగస్టు రెండో శనివారం మొదలవుతుంది. దానికి ముందు వారం షూటింగ్ రేంజ్‌లో తరచూ వినిపించే మాట: "రైఫిల్ మంచిదే, ఈ రాగి బుల్లెట్లే సరిగా పడటం లేదు." చాలాసార్లు అందులో రాగి తప్పు సగమే. ఏడాదంతా చవగ్గా దొరికే సీసం బుల్లెట్లతో ప్రాక్టీస్ చేసి, స్కోప్‌ను వాటికే జీరో చేసుకుని (గురిపెట్టిన చోటే పడేలా సరిచేసుకుని), ఆఖర్లో ఒక రాగి బాక్స్ కొనుక్కొస్తే గురి ఎలా కుదురుతుంది?

రాగి వాడాలా వద్దా అన్న చర్చకు ఇక్కడ తావు లేదు. 2013లో వచ్చిన ఏబీ 711 చట్టం ప్రకారం 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా తుపాకీతో ఏ అడవి జంతువును వేటాడినా సీసం లేని బుల్లెట్లే వాడాలి. దీని వెనక ఉన్నది కాండార్ పక్షి. 1982 నాటికి అవి లోకం మొత్తంలో 22 మాత్రమే మిగిలాయి. వేటగాళ్లు వదిలేసిన పేగుల్లోని సీసం తునకలు తిని చాలా కాండార్లు చనిపోయాయి. మన రాబందులకు పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్ ఎలాంటిదో వీటికి సీసం అలాంటిది. రేంజ్‌లో అట్ట మీద కాల్చుకునేటప్పుడు మాత్రం ఈ చట్టం వర్తించదు. అందుకే రెండు రకాలూ ఇంట్లో చేరతాయి, తిప్పలూ అక్కడే మొదలవుతాయి.

ముందు బరువు సంగతి చూడాలి. సీసం సాంద్రత 11.3, రాగిది 8.96. అంటే అదే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. బుల్లెట్ పొడవు పెరిగేకొద్దీ గాలిలో తూలకుండా వెళ్లడానికి మరింత వేగంగా గిర్రున తిరగాలి. ఆ తిరుగుడు బ్యారెల్ లోపలి గాడుల మెలికను బట్టి ఉంటుంది. 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్‌కు సరిపడే బుల్లెట్ 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత బ్యారెల్‌లో కుదరకపోవచ్చు. అందుకే రాగికి మారేటప్పుడు బరువు ఒక మెట్టు దిగడం మంచిది. థర్టీ-ఆట్-సిక్స్ రకం రైఫిల్‌లో 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) సీసం వాడేవాళ్లు 165 లేదా 150 గ్రెయిన్ల రాగితో మొదలుపెట్టొచ్చు. రాగి బుల్లెట్ ముక్కలైపోదు, బరువు దాదాపు అంతా నిలబెట్టుకుంటుంది కాబట్టి తేలికదైనా లోతుకు దిగుతుంది. "జింక పెద్దది, బరువైన బుల్లెట్ కావాలి" అన్న పాత లెక్క ఇక్కడ పనిచేయదు.

మీ బ్యారెల్ మెలిక ఎంతో తెలియకపోతే కొలుచుకోవడం తేలికే. రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, బోల్ట్ తీసేయండి. పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతుగా గుడ్డ చుట్టి లోపలికి తోయండి. రాడ్ మీద ఒక గుర్తు పెట్టి, అది ఒక పూర్తి చుట్టు తిరిగేలోపు ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో చూడండి. తర్వాత బుల్లెట్ కంపెనీ ఆ బరువుకు ఎంత మెలిక కావాలంటుందో దానితో పోల్చుకోండి.

ఇక బ్యారెల్ శుభ్రం. అందరూ తూతూమంత్రంగా చేసేది ఇదే, అసలు ఫలితం వచ్చేదీ ఇక్కడే. సీసం బుల్లెట్ల పైతొడుగు రాగి, జింకు కలిసిన లోహం. దాని పొర బ్యారెల్‌లో అంటుకుని ఉండగా స్వచ్ఛమైన రాగి బుల్లెట్లు కాలిస్తే, పొర మీద పొర పేరుకుని గ్రూపులు, అంటే వరుస షాట్లు ఒకేచోట పడే తీరు, చెదిరిపోవచ్చు. మామూలు నూనె గుడ్డతో అది పోదు, రాగిని కరిగించే సాల్వెంట్ కావాలి. గుడ్డ మీద నీలిరంగు రావడం ఆగేదాకా తుడవాలి. కాకపోతే కంచు బ్రష్, రాడ్ చివర గుడ్డను పట్టే ఇత్తడి జాగ్ వాడితే సాల్వెంట్ వాటినీ కరిగిస్తుంది. అప్పుడు ఎన్ని గుడ్డలు మార్చినా నీలమే వచ్చి, బ్యారెల్ ఇంకా మురికిగా ఉందేమోనని లేనిపోని టెన్షన్. నైలాన్ బ్రష్ వాడండి. అమ్మోనియా ఉన్న సాల్వెంట్‌ను గాలి ఆడేచోట వాడాలి, రాత్రంతా బ్యారెల్‌లో వదిలేయకూడదు. చివరికి పొడిగుడ్డతో తుడిచి, లోపల ఏమీ అడ్డులేదని వెలుతురులో చూసుకున్నాకే రేంజ్‌కు బయల్దేరాలి.

ఇంత శుభ్రంగా ఉన్న బ్యారెల్ మొదటి కొన్ని షాట్లను వేరేచోట పెడుతుంది. మూడో, ఐదో కాల్చి వాటిని లెక్కలోంచి తీసేయండి. ఆ తర్వాతే గ్రూపులు. మూడు షాట్లు దగ్గరగా పడగానే సంబరపడొద్దు, అది అదృష్టం కూడా కావొచ్చు. బ్యారెల్ చల్లారనిచ్చి మళ్లీ అదే గ్రూప్ వస్తే నమ్మండి. జులై ఎండలో పది నిమిషాలు కూడా చాలకపోవచ్చు, రైఫిల్‌ను నీడలో నిలబెట్టండి. ఒకసారి జీరో కుదిరాక సీజన్ అయ్యేదాకా బ్యారెల్‌ను మళ్లీ మెరిసేలా తోమకండి.

గ్రూప్ అప్పటికీ కుదరకపోతే వెంటనే రాగిని తిట్టకుండా స్కోప్ మౌంట్ స్క్రూలు, స్టాక్ స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత బరువు మార్చండి, ఆ తర్వాత బ్రాండ్. బార్న్స్ నచ్చని రైఫిల్ హోర్నడీతో బాగా కొట్టొచ్చు, తలకిందులుగానూ జరగొచ్చు. వేర్వేరు రకాలు తలా ఒక బాక్స్ కొని పరీక్షించడం ఖర్చే, కానీ దీనికి అడ్డదారి లేదు. కుదిరిన రకాన్ని అదే లాట్ నంబర్‌లో (ఒకే విడతలో తయారైనవి) సీజన్‌కు సరిపడా కొనిపెట్టుకోండి. నా మాటేంటంటే, 100 గజాల్లో అంగుళంన్నర గ్రూప్ వస్తే ఆపేయొచ్చు. జింక గుండె, ఊపిరితిత్తులున్న భాగం దాదాపు 8 అంగుళాలు ఉంటుంది. అరంగుళం కోసం బాక్సుల మీద బాక్సులు తగలేసే కంటే, బెంచ్ దిగి మోకాలి మీద కూర్చుని కాల్చడం నేర్చుకోవడం మేలు.

కాట్రిడ్జులు సొంతంగా నింపుకునేవాళ్లకు (రీలోడింగ్) ఒక గట్టి హెచ్చరిక. సీసం బుల్లెట్‌కు రాసిన పౌడర్ లెక్కను రాగికి వాడకూడదు. పొడవైన బుల్లెట్ కేసులో చోటు ఆక్రమిస్తుంది, రాగి గట్టిది కూడా, ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. ఆ బుల్లెట్‌కే ఇచ్చిన లెక్కలో కనిష్ఠం నుంచి మొదలుపెట్టండి. బుల్లెట్‌ను గాడులకు ఆనించకుండా వదలాలి. 0.050 అంగుళం దూరంతో మొదలుపెట్టమని బార్న్స్ చెబుతుంది. గురి మెరుగుపరచడానికి చాలామంది మొదట కదిపేది ఈ దూరాన్నే. థర్టీ-థర్టీలాంటి గొట్టపు మ్యాగజైన్ ఉన్న రైఫిళ్లలో గట్టి మొనగల బుల్లెట్ పెట్టొద్దు. దాని మొన, ముందున్న కాట్రిడ్జ్ ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే పేలే భాగం) ఆని ఉంటుంది, కుదుపుకు లోపలే పేలొచ్చు. వాటికి చదునుమొన రాగి బుల్లెట్లు విడిగా దొరుకుతాయి.

దూరం విషయంలో ఆశపడొద్దు. రాగి బుల్లెట్ తగిలినప్పుడు విచ్చుకోవాలంటే వేగం ఉండాలి. రకాన్ని బట్టి సెకనుకు సుమారు 1,800 నుంచి 2,000 అడుగులు. అంతకు తగ్గితే సన్నటి రంధ్రం చేసి వెళ్లిపోతుంది, జింక గాయంతో దూరం పరిగెత్తి చస్తుంది. మీ బుల్లెట్ వేగం ఎన్ని గజాల దగ్గర ఆ గీత కిందికి దిగుతుందో బుల్లెట్ కంపెనీ పట్టికలో చూసి, అదే మీ హద్దుగా పెట్టుకోండి. తగిలినా చాలాసార్లు అవతలి వైపుకు దూసుకుపోతుంది కాబట్టి జింక వెనక మట్టిగట్టు ఉందా, ఇంకో జింక ఉందా, మనుషులున్నారా అని చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు.

మనవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. హెచ్-1బీ, ఎఫ్-1లాంటి వీసాలున్నవారి దగ్గర తుపాకీగానీ కాట్రిడ్జ్‌గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువున్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. గ్రీన్ కార్డున్నవారికి ఈ నిషేధం లేదు. కాలిఫోర్నియా లైసెన్స్ జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. అంటే సరిగ్గా అందరూ జీరో చేసుకునే రోజుల్లోనే పాతది చెల్లకుండా పోతుంది. కొత్తది చేతికి రాకుండా ఫ్రెండ్ రైఫిల్‌నైనా ముట్టుకోకండి. మీ పరిస్థితిలో ఏమాత్రం అనుమానమున్నా ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

బయల్దేరే ముందు రాత్రి జాకెట్ జేబులు, బ్యాగ్ అరలు, కారు డ్యాష్‌బోర్డ్ అన్నీ ఖాళీ చేసి చూడండి. వేటాడుతున్నప్పుడు ఆ రైఫిల్‌లో పేలగల సీసం కాట్రిడ్జ్ మీ దగ్గర ఒక్కటున్నా, కాల్చకపోయినా, అది ఉల్లంఘనే. రాగి కాట్రిడ్జులను కంపెనీ బాక్స్‌లోనే ఉంచుకుంటే వేట నిబంధనలు తనిఖీ చేసే వార్డెన్ అడిగినప్పుడు చూపించడం తేలిక.