బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో తెలుసుకోవడం ఎలా?

ఉదయం పూట భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవారిలో ఎవరిని అడిగినా తమకు రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో ఠక్కున చెబుతారు. ఒకరు ఫోన్‌లో యాప్ తెరిచి చూపిస్తారు, ఒకరు జిమ్‌లో రాసిచ్చిన కాగితం తీస్తారు, ఇంకొకరు "మగవాళ్లకు 2,500, ఆడవాళ్లకు 2,000" అని ఎక్కడో చదివింది అప్పజెబుతారు. ఆ అంకెను ఎప్పుడైనా తమ మీద సరిచూసుకున్నారా అని అడిగితే మాత్రం చూసుకున్నామన్నవారు నాకు ఇంతవరకు ఇద్దరో ముగ్గురో తగిలారు. తొమ్మిదేళ్లుగా నా కోసం, ఇంట్లోవాళ్ల కోసం, నాతో కలిసి నడిచేవారి కోసం ఈ లెక్కను పాతికసార్లకు పైగా కట్టాను. సూత్రం ఇచ్చేది ఒక అంచనా. మీ అంకె మీరు తిన్నదాంట్లో, మీరు తూగిన బరువులో ఉంటుంది, మూడు వారాలు ఓపికగా రాసుకుంటే తప్ప అది చేతికి రాదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే వయసు పిల్లలు, ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, తిండి తలచుకుంటేనే దిగులు పడేవారు ఈ పనికి దిగవద్దు. వారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

కావలసినవి

ఒక గ్రాము తేడాను కూడా చూపే వంటింటి డిజిటల్ కాంటా, 100 గ్రాముల తేడా చూపే బరువు మిషన్, ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. యాప్ వద్దు. యాప్‌లో "ఒక కప్పు పప్పు" అని వేలితో నొక్కగానే పని అయిపోయినట్టు అనిపిస్తుంది, ఆ కప్పు ఎవరింటి కప్పో దానికి తెలియదు. నోటుబుక్కులో గ్రాములు రాయాలంటే లేచి వెళ్లి తూచక తప్పదు, కాబట్టి నోటుబుక్కే వాడాలి.

మొదట ఒక అంచనా

1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ఇందుకు చాలు. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చించి రెండూ కలపండి. అందులోంచి వయసుకు 5 రెట్లు తీసివేయండి. మగవారైతే చివర 5 కలపాలి, ఆడవారైతే 161 తీసివేయాలి. వచ్చింది, రోజంతా కదలకుండా పడుకుని ఉన్నా శరీరానికి అయ్యే ఖర్చు. 42 ఏళ్ల వయసు, 168 సెంటీమీటర్ల ఎత్తు, 74 కిలోల బరువు ఉన్న ఒక ఆఫీసు ఉద్యోగి లెక్క చూద్దాం: 740, 1,050 కలిపితే 1,790, అందులో 210 పోతే 1,580, దానికి 5 కలిపితే 1,585.

దీన్ని రోజువారీ శ్రమను బట్టి మళ్లీ హెచ్చించాలి. కూర్చుని చేసే పనికి 1.2, కొద్దిపాటి కదలికకు 1.375, ఓ మోస్తరు శ్రమకు 1.55, కష్టమైన శ్రమకు 1.725 అని వాడుక. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. పొద్దున అరగంట నడిచి, మిగతా పగలంతా కుర్చీలో గడిపి, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునే మనిషి "నేను రోజూ నడుస్తాను" అనే ధైర్యంతో 1.55 ఎంచుకుంటాడు. ఎనుమాముల మార్కెట్లో పొద్దంతా మిర్చి బస్తాలు మోసే హమాలీది కష్టమైన శ్రమ, అదే మార్కెట్లో గద్దె మీద కూర్చుని చిట్టా రాసే గుమాస్తాది 1.2. ఇద్దరూ పనిలో అలసిపోతారు, కానీ అలసట వేరు, క్యాలరీల ఖర్చు వేరు. మన ఉద్యోగికి 1.2తో 1,902 వస్తుంది, 1.55తో 2,457 వస్తుంది. ఒక్క అంకె ఎంపికతో రోజుకు 555 క్యాలరీల తేడా వచ్చిందంటే, సూత్రాన్ని నమ్మి ఊరుకోకూడదని నేను పట్టుబట్టే కారణం అర్థమవుతుంది. ఏది ఎంచుకోవాలో తేలకపోతే కింది అంకె తీసుకుని, ఫలితాన్ని నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టండి. దాని పని ప్రస్తుతానికి అంతే.

తిన్నది రాయడం: జాగ్రత్త అంతా ఇక్కడే

మూడు వారాల పాటు, అంటే 21 రోజులు, నోట్లోకి వెళ్లిన ప్రతిదీ గ్రాముల్లో రాయాలి. ఈ మూడు వారాలను ఎంచుకునేటప్పుడే కొంత ఆలోచించాలి. బతుకమ్మ నుంచి దసరా దాకా, సంక్రాంతి సకినాల రోజులు, ఇంట్లో పెళ్లి, మేడారం ప్రయాణం ఉన్న వారాలు దీనికి పనికిరావు. అలాగే ఈ రోజుల్లో తిండి మార్చకూడదు. "ఎలాగూ రాస్తున్నాను కదా" అని అన్నం మానేసి జొన్నరొట్టెతో, అదీ సగం పొట్టతో సరిపెట్టుకునేవారిని చాలా మందిని చూశాను. శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజన్ రూపంలో దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. తిండి తగ్గించగానే ఆ నిల్వ, దాంతోపాటు నీరు పోయి, కొవ్వు కరగకుండానే కిలోకు పైగా బరువు దిగుతుంది. ఆ బరువును లెక్కలో వేస్తే మీకు రోజుకు మరో ఐదారు వందల క్యాలరీలు కావాలన్నట్టు తప్పుడు అంకె వస్తుంది. మీరు మామూలుగా ఏది తింటారో అదే తినండి, అది మీకు నచ్చినా నచ్చకపోయినా.

అన్నం లెక్క బియ్యం నుంచి మొదలు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 356 క్యాలరీలు ఉంటాయి. (ఆ పట్టికల్లో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు, 4.184తో భాగిస్తే మనం వాడే క్యాలరీలు వస్తాయి. ఈ మాట గమనించక బియ్యం పక్కన 1,491 అని రాసుకుని బెంబేలెత్తినవారు ఉన్నారు.) ఉడికిన అన్నం బరువు మాత్రం పోసిన నీటిని బట్టి, గంజి వార్చే అలవాటును బట్టి ఇంటింటికీ మారుతుంది. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే "100 గ్రాముల అన్నం" అంకెను పట్టుకోకుండా, మీ గిన్నెనే తూచండి. 400 గ్రాముల బియ్యం పోస్తే 1,424 క్యాలరీలు. వండిన తరువాత ఖాళీ గిన్నె బరువు తీసివేయగా అన్నం 1,140 గ్రాములు తూగితే, మీ ఇంటి అన్నంలో 100 గ్రాములకు 125 క్యాలరీలు. కంచంలో 280 గ్రాములు పెట్టుకుంటే 350. నీళ్లు ఎప్పుడూ ఒకే కొలతతో పోసే ఇల్లయితే రెండు మూడు సార్లు తూచి, ఆ తరువాత అదే అంకె వాడుకోవచ్చు.

ఇక నూనె. నేను చూసిన తప్పుడు లెక్కల్లో సగానికి పైగా చెడింది నూనె దగ్గరే. మా అమ్మ కూర వండేటప్పుడు స్టీలు డబ్బా వంచి మూకుట్లో నూనె పోస్తుంది. ఎంత పోశావని అడిగితే "రెండు చెంచలే పోసిన బిడ్డా" అంటుంది. నమ్మి కొన్నాళ్లు రెండు చెంచాలనే రాశాను, లెక్క ఎంతకూ కుదరలేదు. ఒక రోజు డబ్బాను వంటకు ముందు కాంటా మీద పెట్టాం, 1,046 గ్రాములు. వంకాయ కూర పొయ్యి మీది నుంచి దించాక మళ్లీ పెట్టాం, 984. అంటే 62 గ్రాములు, 558 క్యాలరీలు. అమ్మ అబద్ధం చెప్పలేదు. నలభై ఏళ్లుగా చేతి అలవాటుతో పోసే మనిషికి అది రెండు చెంచాలే. కూరలోని అరకిలో వంకాయలు, రెండు ఉల్లిగడ్డలు కలిపినా 170 క్యాలరీలు దాటలేదు. కూర మొత్తం దాదాపు 730 అయితే, అందులో ముప్పావు వంతు నూనెదే.

కాబట్టి నూనెను చెంచాలతో కొలవకండి. డబ్బాను లేదా ప్యాకెట్‌ను ముందు ఒకసారి, తరువాత ఒకసారి తూచండి, తేడాను 9తో హెచ్చించండి. ఒక లీటరు నూనె సుమారు 910 గ్రాములే ఉంటుంది కనుక మిల్లీలీటర్లను గ్రాములుగా రాసుకోవద్దు. కూర అయ్యాక మూకుడుతో సహా తూచి, ఖాళీ మూకుడు బరువు తీసివేయండి. కూర 480 గ్రాములు ఉండి మీరు 120 వేసుకుంటే, 730లో నాలుగో వంతు, 182, మీ పద్దు. ఖాళీ గిన్నెలు, మూకుళ్ల బరువులు ఒకేసారి తూచి నోటుబుక్కు వెనక అట్ట మీద రాసి పెట్టుకుంటే రోజూ ఈ పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. సకినాలు, గారెలు వంటి మూకుట్లో వేయించే వాటికి, వేయించడానికి ముందు నూనె బరువు, చల్లారిన తరువాత మిగిలిన నూనె బరువు చూసి, తేడాను ఎన్ని సకినాలు అయితే అన్నింటికీ పంచాలి. పిండి, నువ్వుల లెక్క దానికి అదనం. మామిడికాయ తొక్కులో పైన తేలే నూనెనూ వదిలిపెట్టకూడదు. పప్పు మీద వేసే పోపు, రొట్టెకు రాసే నెయ్యి, చాయ్‌లోని పాలు, చక్కెర కూడా అంతే. గేదె పాలకూ ప్యాకెట్ టోన్డ్ పాలకూ దాదాపు రెట్టింపు తేడా ఉంటుంది, ఏ పాలో రాయండి.

ప్యాకెట్లలో దొరికే తిండికి అట్ట మీద అచ్చువేసిన అంకె చాలు, అది 100 గ్రాములకా, ఒక సర్వింగ్‌కా అన్నది మాత్రం చూసుకోవాలి. బయటి టిఫిన్‌ను తూచలేం. ఈ మూడు వారాల్లో దాన్ని వారానికి ఒకటి రెండు సార్లకు మించనివ్వకండి, తిన్నప్పుడు మీ ఇంటి దోశ అంకెకు మూడో వంతు కలిపి రాయండి. దావత్‌కు వెళ్లిన రోజు పేజీని ఖాళీగా వదిలేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆ రోజు తిన్నది శరీరంలో చేరింది, పుస్తకంలో చేరకపోతే సగటు కిందికి జారుతుంది. కల్లు తాగినా రాయండి, బిర్యానీ రెండోసారి పెట్టుకున్నా రాయండి. తూచడం కుదరకపోతే రెండు గరిటెలా, మూడు గరిటెలా అన్నది రాసుకుని ఇంటికొచ్చాక అదే గరిటెడు అన్నం తూచి చూసుకోవచ్చు.

బరువు చూడటం

పొద్దున లేచి, కాలకృత్యాలు తీర్చుకున్నాక, మంచినీళ్లు కూడా తాగకముందు, ఒకే రకం బట్టలతో, గట్టి బండల నేల మీద మిషన్ పెట్టి చూడాలి. రోజూ చూడాలి. వారానికి ఒకసారి చాలనే సలహాను నేను ఒప్పుకోను, ఎందుకంటే ముందు రోజు రాత్రి తొక్కు ఎక్కువ తిన్నా, ఎండకు చెమట పోసినా, మలబద్ధకం ఉన్నా ఆ ఒక్క రోజు అంకె తారుమారు అవుతుంది. మన ఉద్యోగి మొదటి వారం బరువులు 74.3, 73.9, 74.6, 74.0, 73.8, 74.2, 73.9. రోజుకో తీరుగా ఉన్నాయి, సగటు 74.1. మనకు కావలసింది ఆ సగటే. నెలసరి ఉన్న స్త్రీలకు చక్రంలో నీటి బరువు మారుతుంది కనుక మూడు వారాలు సరిపోవు. ఐదు వారాలు రాసి, మొదటి వారాన్ని ఐదో వారంతో పోల్చాలి, అప్పుడే చక్రంలో దాదాపు ఒకే దశను ఒకే దశతో పోల్చినట్టవుతుంది.

లెక్క కట్టడం

21 రోజుల క్యాలరీలు కూడి 21తో భాగించండి. మన ఉద్యోగికి 2,140 వచ్చింది. మూడో వారం సగటు బరువు 74.5, అంటే 400 గ్రాములు పెరిగాడు. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు కనుక ఇది 3,080. దీన్ని 21తో భాగించకూడదు. మొదటి వారం సగటు ఆ వారం నడిమి రోజుకు, మూడో వారం సగటు ఆ వారం నడిమి రోజుకు చెందుతాయి, ఆ రెంటి మధ్య 14 రోజులే ఉన్నాయి. 3,080ని 14తో భాగిస్తే 220. బరువు పెరిగాడు కనుక తీసివేయాలి: 2,140 లోంచి 220 పోగా 1,920. అతనికి బరువు నిలకడగా ఉంచే అంకె అదే. బరువు తగ్గి ఉంటే కలపాలి. ఐదు వారాలు రాసిన స్త్రీలు క్యాలరీలను 35తో, బరువు తేడాను 28తో భాగించాలి.

ఇప్పుడు మొదటి పేజీ తెరవండి. అతను తనను తాను "ఓ మోస్తరు శ్రమ" మనిషిగా అనుకుని ఉంటే 2,457 తినేవాడు, 1.2 తీసుకుంటే వచ్చిన 1,902కు అతని అసలు అంకె చాలా దగ్గరగా ఉంది. మీకు వచ్చిన అంకె కదలకుండా పడుకున్నప్పటి ఖర్చుకన్నా, అంటే ఇతని విషయంలో 1,585 కన్నా, తక్కువైతే మీ శరీరం వింతది కాదు, పుస్తకంలోకి ఎక్కని తిండి ఎక్కడో ఉంది. ముందు నూనె డబ్బా దగ్గర వెతకండి.

స్మార్ట్ వాచ్ చూపే "ఖర్చైన క్యాలరీల"ను దీనికి కలపవద్దు. ఈ మూడు వారాలు మీరు నడిచిన నడకంతా బరువు సగటులో అప్పటికే చేరిపోయింది, మళ్లీ కలిపితే ఒకే నడకను రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

వచ్చిన అంకెకు అటూ ఇటూ 100 క్యాలరీలు వదులుకుని, రెండు వారాలు ఆ లోపల తిని చూడండి. వారం సగటు బరువు పావుకిలో కన్నా ఎక్కువ కదలకపోతే అంకె సరైనదే. దాని పక్కన తేదీ, అప్పటి బరువు, చేస్తున్న పని రాసి పెట్టుకోండి. బరువు నాలుగైదు కిలోలు మారినా, దుకాణంలో కూర్చునే మనిషి పొలం పనుల్లోకి దిగినా ఆ పాత అంకె చెల్లదు, మళ్లీ 21 రోజులు రాయాలి. ఖాళీ గిన్నెల బరువులు మాత్రం మళ్లీ తూచనవసరం లేదు, అవి వెనక అట్ట మీదే ఉంటాయి.