గ్రేడింగ్‌కి పంపిన కామిక్ అనుకున్నట్టు తిరిగి రాలేదా? తేడా ఎక్కడొచ్చిందో వెతుకుదాం

"ఏ గ్రేడింగ్ కంపెనీ మంచిది?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి చేయి కాల్చుకుని ఉంటారు. తక్కువ గ్రేడు వచ్చిందనో, పుస్తకాన్ని ఎవరో బాగుచేశారని చెప్పే ఊదా లేబుల్ వచ్చిందనో, స్లాబ్ చేయించినా కొనేవాడు లేడనో వాళ్ల బాధ. నేను చూసినంతలో వీటిలో కొన్నింటికే కంపెనీ కారణం. మిగతావి పుస్తకాన్ని పెట్టెలో సర్దకముందే జరిగిపోయిన పొరపాట్లు. కంపెనీ మార్చినంత మాత్రాన అవి పోవు. అందుకని ముందు లక్షణం చూసి కారణం పట్టుకుందాం, కంపెనీ సంగతి అక్కడ తేల్చుకోవచ్చు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. కామిక్ ఎంత బాగున్న స్థితిలో ఉందో చూసి కంపెనీ అంకె వేయడమే గ్రేడింగ్. గ్రేడు వేశాక పుస్తకాన్ని పెట్టి సీల్ చేసే గట్టి ప్లాస్టిక్ కేసుని స్లాబ్ అంటారు. ఇంకా గ్రేడింగ్‌కి పంపని పుస్తకం రా.

లక్షణం: 9.8 వస్తుందనుకున్నాను, 9.2 వచ్చింది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కామిక్స్ గ్రేడింగ్‌లో స్కేలు 0.5 నుంచి 10.0 వరకు ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి: 9.0, 9.2, 9.4, 9.6, 9.8, 9.9, 10.0. ఆ పైమెట్ల మధ్య తేడా కంటికి దాదాపు ఆనదు, ధరలో మాత్రం బాగా ఆనుతుంది.

మొదటి కారణం, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లోంచే చూసి అంచనా వేయడం. మొదట్లో నేనూ ఇదే చేశాను. కవర్ మెరుపులో అన్నీ కొత్త పుస్తకాల్లాగే కనిపిస్తాయి. చేతులు శుభ్రంగా కడుక్కుని, ఆరబెట్టుకుని పుస్తకాన్ని బయటికి తీయండి. గదిలో ఒకే దీపం ఉంచి, పుస్తకాన్ని ఆ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. నేరుగా చూసినప్పుడు కనిపించని వేలి నొక్కులు, సన్న మడతలు, అలలు అప్పుడు నీడలుగా తేలతాయి. వెన్ను మీద, పిన్నుల చుట్టూ అడ్డంగా చిన్న గీతలుంటాయి. కలెక్టర్లు వీటిని స్పైన్ టిక్స్ అంటారు. ఆ గీతల్లో రంగు పగిలి తెల్లటి కాగితం కనిపిస్తోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. రంగు పగిలిన టిక్కులు వెన్ను మీద మూడు నాలుగు తేలాయంటే 9.8 మీద ఆశ వదులుకోవడం మంచిది.

రెండో కారణం ప్రెస్సింగ్. వేడి, కొద్దిగా తేమ, ఒత్తిడి వాడి కాగితాన్ని చదును చేసే పని ఇది. పేరున్న గ్రేడింగ్ కంపెనీ సీజీసీ దీన్ని రెస్టొరేషన్‌గా, అంటే రంగు, జిగురు లాంటివి వాడి పుస్తకాన్ని బాగుచేయడంగా, లెక్కించదు. రంగు పగలని మడతలు, నొక్కులు, వెన్ను ఒక పక్కకి ఒరిగిపోవడం లాంటివి దీనితో చాలావరకు సర్దుకుంటాయి. పగిలిన రంగు, చిరుగు, మరక, నలిగి మొద్దుబారిన మూల మాత్రం సర్దుకోవు. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు: బాగున్న పుస్తకానికి డబ్బు కట్టి ప్రెస్ చేయిస్తారు, నొక్కులున్నదాన్ని అలాగే పంపేస్తారు. ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో ప్రయత్నించేవాళ్ల గురించి నేనేమీ అనను. వాళ్లకి ఫలితమే చెబుతుంది.

మూడోది, లోపల చూడకపోవడం. 1974లో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181నే తీసుకోండి, వుల్వరిన్ పూర్తి స్థాయిలో మొదటిసారి కనిపించే సంచిక. ఆ రోజుల్లో మార్వెల్ పుస్తకాల్లో ఉత్తరాల పేజీలో ఒక స్టాంపు బొమ్మ వేసి, కత్తిరించి దాచుకోమని పిల్లలకి చెప్పేవాళ్లు. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. బయటికి నిగనిగలాడే కాపీ లోపల ఆ స్టాంపు లేకపోతే, ఒక పెద్ద లోపాన్ని విడిగా చెప్పే ఆకుపచ్చ రంగు క్వాలిఫైడ్ లేబుల్ గానీ, చాలా తక్కువ గ్రేడు గానీ వస్తుంది. కాబట్టి పాత పుస్తకమైతే పేజీలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి, కూపన్లు చూడండి. మధ్య కాగితం పిన్నుల నుంచి ఊడిందేమో కూడా చూసుకోవాలి.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా గ్రేడు తక్కువొస్తే, గ్రేడర్ నోట్స్ చదవండి. సర్టిఫికేషన్ నంబరుతో వెతికితే చాలా పుస్తకాలకి అవి కనిపిస్తాయి. అక్కడ రాసిన లోపం పుస్తకం మీద నిజంగా ఉంటే గొడవ అక్కడితో అయిపోయినట్టే. పంపేటప్పుడు లేని మూల మడత అందులో కనిపిస్తే గ్రేడర్‌ని కాదు, మీ ప్యాకింగ్‌ని అనుమానించాలి. రెండు గట్టి అట్టల మధ్య కదలకుండా పెట్టారా, మూలలకి ఖాళీ వదిలారా, టేపు పుస్తకానికి తగలకుండా చూశారా? తిరిగి వేయించుకుంటే 9.6 కాస్తా 9.8 అవుతుందని మళ్లీ మళ్లీ పంపేవాళ్లున్నారు. అప్పుడప్పుడు అవుతుంది కూడా. గ్రేడు వేసేది మనుషులే కదా. కానీ ప్రతిసారీ ఫీజు కట్టాలి, ప్రతిసారీ పుస్తకం ప్రయాణం చేయాలి.

లక్షణం: ఊదా లేబుల్ వచ్చింది

పుస్తకాన్ని ఎవరో బాగుచేయబోయారని దీని అర్థం. వెన్ను మీద తెల్ల గీతల్ని మార్కర్‌తో నింపడం, చిరుగుకి జిగురు రాయడం, ఊడిన ముక్క స్థానంలో వేరే కాగితం అతకడం, అంచులు కోసి సాపు చేయడం, ఇవన్నీ రెస్టొరేషన్ కిందికే వస్తాయి. మీరు చేసి ఉండకపోవచ్చు. ముప్పై ఏళ్ల క్రితం ఏ కుర్రాడో నల్ల స్కెచ్ పెన్నుతో చేసి ఉంటాడు.

రా పుస్తకం కొనేముందు కవర్ లోపలి వైపు చూడండి. పైన రంగు పూసి ఉంటే సిరా లోపలికి ఇంకిన మచ్చలు తరచుగా అక్కడ దొరుకుతాయి. అతినీలలోహిత కాంతి టార్చ్ వేస్తే కొత్త రంగు, జిగురు పాత కాగితం కంటే వేరుగా మెరుస్తాయి. పాత పుస్తకం అంచులు మరీ కత్తిలా నిటారుగా ఉన్నా, అదే కాలపు వేరే కాపీ పక్కన పెడితే వెడల్పు తగ్గినట్టున్నా, కోశారని అనుమానించాలి. కోసిన అంచుకి మందు లేదు. చిన్న రంగు మచ్చనైతే అనుభవమున్న కన్జర్వేటర్ (పాత కాగితాన్ని సంరక్షించే నిపుణుడు) కొన్నిసార్లు తీయగలరు. తీశాక గ్రేడు తగ్గి, రెస్టొరేషన్ లేని మామూలు పుస్తకాలకి వేసే నీలం లేబుల్ వస్తుంది. విలువైన పుస్తకానికి ఆ తగ్గిన నీలమే ఎక్కువ ధర తెచ్చే సందర్భాలున్నాయి.

లక్షణం: సంతకం నిజమైనదే, అయినా పసుపు లేబుల్ ఇవ్వలేదు

కంపెనీ ఎంపిక నిజంగా ముఖ్యమయ్యేది ఇక్కడే. సంతకం ఉన్న పుస్తకాలకి పసుపు లేబుల్ వేసే సీజీసీ సిగ్నేచర్ సిరీస్ సాక్షి పద్ధతి మీద నడుస్తుంది. ఆర్టిస్టు సంతకం పెడుతుండగా వాళ్లు ఒప్పుకున్న మనిషి పక్కనుండి చూడాలి, పుస్తకం ఆ చేతుల మీదుగానే వెళ్లాలి. అప్పుడే పసుపు లేబుల్. సాక్షి లేకుండా మీరు చేయించుకున్న సంతకం ఎంత అసలైనదైనా, దాన్ని "కవర్ మీద రాసిన పేరు"గానే చూసి ఆకుపచ్చ లేబుల్ వేసే పద్ధతి అక్కడ చాలాకాలం నడిచింది. మీ దగ్గర ఆర్టిస్టుతో దిగిన ఫొటో ఉన్నా సరే.

ఇంకో గ్రేడింగ్ కంపెనీ సీబీసీఎస్‌లో దారి వేరు. సాక్షి ఉన్నవాటికి అక్కడా పసుపే. పాత సంతకాలను పరిశీలించి, నిజమని తేలితే ఎరుపు లేబుల్ వేసే పద్ధతి కూడా వాళ్లకుంది. చనిపోయిన ఆర్టిస్టు సంతకం ఎప్పటిదో మీ దగ్గరుంటే ముందు ఈ దారే చూడాలి. ఇకముందు చేయించబోయే సంతకమైతే, వరుసలో నిలబడకముందే సాక్షిని ఏర్పాటు చేసుకోండి. పుస్తకం మీద పెన్ను పడ్డాక ఆ అవకాశం తిరిగి రాదు.

లక్షణం: స్లాబ్ చేయించాను, కొనేవాళ్లు లేరు; లేదా ఖర్చు కూడా రాలేదు

రెండు వేర్వేరు జబ్బులు ఒకే లక్షణంతో కనిపిస్తాయి.

మొదటిది, అసలు గ్రేడ్ చేయించకూడని పుస్తకం. లెక్క ఇలా వేసుకోండి. రా కాపీ విలువ 100 అనుకుందాం. 9.8 స్లాబ్ 220కి, 9.6 స్లాబ్ 130కి అమ్ముడవుతున్నాయి. గ్రేడింగ్ ఫీజు, ప్రెస్సింగ్, రానుపోను రవాణా, బీమా, అమ్మకం కమీషన్ అన్నీ కలిపి 60. 9.8 వస్తే రా అమ్మడం కంటే 60 ఎక్కువ మిగులుతుంది. 9.6 వస్తే 30 పోతుంది. అంటే మూడు పుస్తకాల్లో ఒకటి 9.8 అయితే లాభమూ లేదు, నష్టమూ లేదు. మీ పుస్తకాల్లో ఎన్ని 9.8 అవుతాయో పైన చెప్పిన దీపం కింద నిజాయతీగా చూసుకోండి. ఈమధ్య వచ్చిన సంచికల్లో 9.8 స్లాబులు ఎన్నున్నాయో కంపెనీ సెన్సస్‌లో, అంటే ఏ గ్రేడుకి ఎన్ని కాపీలు వచ్చాయో చెప్పే లెక్కలో, చూడొచ్చు. అక్కడ వేలల్లో ఉంటే మీది ఇంకొకటి చేరుతుంది, అంతే. అడుగుతున్న ధరలు కాకుండా అమ్ముడైపోయిన ధరలతోనే ఈ లెక్క వేయాలి.

రెండోది, కొనేవాడు నమ్మని లేబుల్. సీజీసీ 2000లో మొదలైంది. మూడో మనిషి గ్రేడు వేసి సీల్ చేసే పద్ధతి కామిక్స్‌లో దానితోనే నిలదొక్కుకుంది. పెద్ద వేలాల్లో ఎక్కువగా కనిపించే లేబుల్ అదే. 2021లో 36 లక్షల డాలర్లు పలికిన అమేజింగ్ ఫాంటసీ 15, 2024లో 60 లక్షల డాలర్లకి పోయిన యాక్షన్ కామిక్స్ 1, రెండూ సీజీసీ స్లాబులే. సీబీసీఎస్‌ని సీజీసీలో మొదట్లో ప్రధాన గ్రేడర్‌గా పనిచేసిన స్టీవ్ బోరాక్ 2014లో మొదలుపెట్టారు, తర్వాత అది కార్డుల గ్రేడింగ్ చేసే బెకెట్ చేతికి వెళ్లింది. కార్డుల గ్రేడింగ్‌తో పేరు తెచ్చుకున్న పీఎస్‌ఏ కూడా ఈమధ్య కామిక్స్‌లోకి దిగింది. వీటికంటే చిన్న కంపెనీలూ ఉన్నాయి. ఫీజు తక్కువ, పుస్తకం త్వరగా వస్తుంది, గ్రేడు కూడా కాస్త ఉదారంగా పడుతుంది. కానీ ఆ ఉదారత కొనేవాడికీ తెలుసు, బేరం అక్కణ్నుంచే మొదలుపెడతాడు.

నా మాట ఇది. అమ్మడానికైతే, మీ పుస్తకాన్నే పోలిన కాపీలు ఏ లేబుల్‌తో ఎంతకి అమ్ముడయ్యాయో చూసి ఆ కంపెనీకే పంపండి. మీ ఇష్టాయిష్టాలకి అక్కడ చోటు లేదు. దాచుకోవడానికైతే మీకు నచ్చిన కేసు, తక్కువ ఫీజు చూసుకోండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కొత్త కంపెనీ ఏదైనా కంటపడితే మూడు విషయాలు చూడండి. వాళ్ల ఉద్యోగులు కామిక్స్ కొని అమ్మకుండా నియమం ఉందా? నంబరు కొడితే రికార్డు అందరికీ కనిపిస్తుందా? రెస్టొరేషన్ కోసం వేరుగా వెతుకుతారా? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే నేనైతే పంపను.

లక్షణం: నెలలు గడిచినా పుస్తకం రాలేదు

వాళ్లు చెప్పే రోజులు పనిదినాలు. లెక్క కూడా మీరు కొరియర్‌కి ఇచ్చిన రోజు నుంచి మొదలవదు. ప్రెస్సింగ్ చేర్చితే దాని వరుస వేరు. ముందు ఆన్‌లైన్‌లో స్టేటస్ చూడండి, టెన్షన్ తర్వాత పడొచ్చు. తప్పు టియర్ (ఫీజుని బట్టి ఉండే సేవా తరగతి) ఎంచుకున్నా ఆగుతుంది. సీజీసీ లెక్కలో 1975 నుంచి వచ్చినవి మోడరన్, అంతకుముందువి వింటేజ్. ఒక్కో టియర్‌కి విలువ పరిమితి కూడా ఉంటుంది. ఫీజు తగ్గుతుందని విలువ తక్కువ రాస్తే, పుస్తకం దారిలో పోయినప్పుడు పరిహారం కూడా అంత తక్కువే అడగగలరు.

లక్షణం: స్లాబ్‌లో ఏదో తేడాగా ఉంది

ప్లాస్టిక్ మీద నూనె తేలినట్టు రంగుల వలయాలు కనిపిస్తే అవి న్యూటన్ రింగ్స్. రెండు ప్లాస్టిక్ పొరలు బాగా దగ్గరగా ఆనినప్పుడు కాంతి చేసే పని అది. పుస్తకానికి హాని లేదు, చూడటానికే చికాకు.

లోపల పుస్తకం కదులుతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ప్రయాణంలో కుదుపులకి కవర్ పిన్నుల దగ్గర చిరగొచ్చు. స్లాబ్‌ని ఊపి చూడకండి, ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి వెంటనే కంపెనీకి రాయండి. లేబుల్ మీద సంచిక నంబరో, వేరియంటో (అదే సంచికకి వేరే కవర్) తప్పుపడితే దాన్ని మెకానికల్ ఎర్రర్ అంటారు. దిద్దించుకోవడానికి గడువు ఉంటుంది కాబట్టి పార్శిల్ వచ్చిన రోజే లేబుల్‌లో ప్రతి అక్షరం చదవండి.

కొన్న స్లాబ్ మీద అనుమానమైతే నంబరుతో కంపెనీ సైట్‌లో వెతికి, అక్కడ ఫొటో ఉంటే వెన్ను మీది టిక్కులతో సహా పోల్చండి. నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు. 2023 చివర్లో ఒక పెద్ద మోసం బయటపడింది. సీజీసీ స్లాబుల్లో పుస్తకాలు మార్చేసి, పాడైన కేసుని మార్చి ఇచ్చే సేవని అడ్డుపెట్టుకుని వాటికి కొత్త కేసులు వేయించారు. నంబర్లు అసలువే, లోపలి పుస్తకాలు వేరు. సీజీసీ ఆ తర్వాత అనుమానమున్న నంబర్ల జాబితా బయటపెట్టింది.

లక్షణం: ఒక కంపెనీ స్లాబ్ ఉంది, ఇంకో కంపెనీకి మార్చాలి

పాత గ్రేడే కొత్త చోట వస్తుందన్న హామీ లేదు. సీల్ తెరిచిన క్షణం నుంచి ఉన్న గ్రేడు కూడా చెల్లదు. అలవాటు లేకపోతే కేసు పగలగొట్టేటప్పుడే పుస్తకం మూల దెబ్బతింటుంది కాబట్టి, స్లాబ్‌తో సహా తీసుకునేవాళ్లకి పంపడమే నయం. మీరే తెరవాలనుకుంటే ముందు రెండు వైపులా ఫొటోలు తీయండి. పాత లేబుల్ పారేయకుండా ఆ కంపెనీకి తిరిగి పంపితే, ఇక లేని ఆ స్లాబ్‌ని సెన్సస్ లెక్కలోంచి తీసేస్తారు.