పుదుపేటలో పాత కారు గడియారం కొనేముందు

చెన్నై పుదుపేటలో విడిభాగాల కుప్ప నుంచి స్మిత్స్, కీన్‌జ్లే, వీడీఓ కంపెనీల పేరున్న డాష్‌బోర్డు గడియారం తీయగానే, అమ్మే మనిషి బ్యాటరీ వైర్లు తగిలించి నడిపి చూపిస్తానంటాడు. ఒప్పుకోకండి. ఏళ్లుగా ఆగిపోయిన గడియారంలో కాయిల్ (తీగచుట్ట) మాడిపోయేది సరిగ్గా అప్పుడే.

పాతకాలపు కరెంటు గడియారాల్లో చాలావరకు నిజానికి స్ప్రింగుతోనే నడుస్తాయి. ఒకటి రెండు నిమిషాలకు స్ప్రింగు సడలి పాయింట్లు, అంటే కరెంటును కలిపే లోహపు మొనలు, కలుస్తాయి. కాయిల్ ఒక్క గుంజు గుంజి స్ప్రింగును బిగిస్తుంది, పాయింట్లు విడిపోతాయి. వినిపించే 'టక్' అదే. నూనె గడ్డకట్టినా, వోల్టేజి తగ్గినా ఆ గుంజుకు బలం చాలదు. పాయింట్లు అతుక్కునే ఉంటాయి, కాయిల్ కాలిపోతుంది. కొన్నింటిలో తక్కువ వేడికే కరిగే టంకం ఫ్యూజుగా పనిచేస్తుంది. ఊడింది ఆ టంకమే అయితే కాయిల్ బతికినట్టే.

కాబట్టి ముందు మల్టీమీటర్ పెట్టండి. ఆగిన గడియారంలో పాయింట్లు కలిసే ఉండాలి, టెర్మినల్‌కీ బాడీకీ మధ్య కొద్ది ఓమ్‌ల నిరోధం రావాలి. రాకపోతే వదిలేయకండి. పాయింట్లకు చిలుము పట్టి ఉండొచ్చు, సముద్రపు గాలికి ఇక్కడ అది మామూలే. కాయిల్ రెండు కొసల మధ్య కూడా రీడింగ్ లేకపోతేనే తెగినట్టు. అప్పుడు డయల్‌కు మాత్రమే ధర కట్టండి.

విప్పే ముందు ముళ్ల మీద, అంకెల మీద గోధుమరంగుకు తిరిగిన పూత ఉందేమో చూడండి. 1970కి ముందువైతే అది రేడియం కావచ్చు. చీకట్లో వెలగకపోయినా ప్రమాదం పోదు; చచ్చింది మెరిసే పదార్థం, రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటిది విప్పొద్దు, గీకొద్దు.

మిగతావాటిలో పాయింట్ల మధ్య 2000 నంబరు ఎమెరీ పేపరు ముక్కను ఒకటి రెండుసార్లు లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన తెల్లకాగితంతో తుడవండి. ఇరుసుల దగ్గర సూదిమొనతో గడియారం నూనె పెట్టండి, చుక్క కూడా ఎక్కువే. హెయిర్‌స్ప్రింగుకు (వేగాన్ని నిలిపే సన్నటి చుట్టల స్ప్రింగు) నూనె తగిలితే చుట్లు అంటుకుని గడియారం ముందుకు పరిగెడుతుంది. డయల్‌ను గాలితో ఊదడమే. అద్దాలు తుడిచే ద్రావకం తగిలితే అక్షరాలు లేచిపోతాయి. ఇదంతా అయ్యాకే పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీకి వైరు ఆనించండి. 'టక్' అనకుండా వేడెక్కితే వెంటనే తీసేయండి.

లోపల క్వార్ట్జ్ యంత్రం దూర్చినవీ కనిపిస్తాయి. సమయం బాగానే చూపిస్తాయి గానీ సేకరణకు పనికిరావు. భూతద్దంలో డయల్ అక్షరాలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే కొత్తగా ముద్రించిందే.

పెట్రోలు, టెంపరేచర్ మీటర్లు కూడా కొంటుంటే ఒక జాగ్రత్త. 1960ల నడుమ నుంచి వచ్చిన స్మిత్స్ మీటర్లలో సూది నింపాదిగా లేచే రకం 10 వోల్టులకు చేసినది, కారులో దానికి వోల్టేజిని 10 దగ్గర నిలిపే స్టెబిలైజర్ వేరే ఉంటుంది. నేరుగా 12 వోల్టులు ఇవ్వకండి. చెన్నైలోనే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో 10 వోల్టులే ఇచ్చే 7810 రెగ్యులేటర్ కొని, దాని ద్వారానే పరీక్షించండి.