లినక్స్ నెట్‌వర్క్ కోడ్‌లో పర్మిషన్ చెక్: ఎవరి హక్కు, దేనిమీద?

చెక్ రాసేముందు రెండు సంగతులు తేల్చుకోండి: అడుగుతున్నది ఎవరు, మారబోయేది ఎవరి సొత్తు. చిక్కంతా రెండోదానితోనే.

రూట్ అధికారాన్ని ముక్కలు చేస్తే వచ్చే ఒక్కో హక్కు క్యాపబిలిటీ. కొన్ని ప్రాసెస్‌లకు యూజర్లనో నెట్‌వర్క్‌నో విడిగా చూపే గిరి నేమ్‌స్పేస్. క్యాపబుల్ ఫంక్షన్ సిస్టమ్ మొదటి యూజర్ నేమ్‌స్పేస్‌లో హక్కుందా అని చూస్తుంది. ఎన్‌ఎస్_క్యాపబుల్ మీరిచ్చిన నేమ్‌స్పేస్‌లో చూస్తుంది. 3.8 కెర్నల్ నుంచి, సెట్టింగుల్లో ఆపకపోతే, మామూలు యూజర్ కూడా సొంత నేమ్‌స్పేస్ తెరిచి అందులో అన్ని క్యాపబిలిటీలూ పొందగలడు. అందుకే మార్పు ఒక్క నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ దాటనప్పుడే ఎన్‌ఎస్_క్యాపబుల్ వాడండి. మెషీన్ మొత్తానికీ చెందిన గ్లోబల్ వేరియబుల్‌నో హార్డ్‌వేర్‌నో తాకితే క్యాపబులే ఉండాలి.

నేమ్‌స్పేస్‌ను సాక్_నెట్ ద్వారా సాకెట్ నుంచే తీసుకోండి, కరెంట్ (ఇప్పుడు నడుస్తున్న ప్రాసెస్) నుంచి కాదు. ప్రాసెస్ సెట్ఎన్‌ఎస్ సిస్టమ్ కాల్‌తో వేరే నేమ్‌స్పేస్‌కి వెళ్లినా, సాకెట్ పుట్టిన చోటే ఉంటుంది.

ఇక షరతు. 5.17 కెర్నల్ నుంచి, ప్యాకెట్లకు గుర్తు వేసే సాకెట్ ఆప్షన్ ఎస్ఓ_మార్క్ పెట్టడానికి నెట్_అడ్మిన్ గానీ నెట్_రా గానీ అనే క్యాపబిలిటీ ఉంటే చాలు. తిరస్కరించే షరతుగా రాసేటప్పుడు రెండు ‘లేదు’ల మధ్య ‘ఆండ్’ రావాలి: అదీ లేక ఇదీ లేకపోతేనే ఈపర్మ్ (‘అనుమతి లేదు’ అనే ఎర్రర్). అక్కడ ‘ఆర్’ పడితే రెండూ ఉన్నవాళ్లకే అనుమతి దొరుకుతుంది. రూట్‌కి రెండూ ఉంటాయి కనుక, రూట్‌గా ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఈ తప్పు బయటపడదు.

వరుస కూడా ముఖ్యమే. ప్యాకెట్ల ప్రాధాన్యం చెప్పే ఆప్షన్ ఎస్ఓ_ప్రయారిటీలో 0 నుంచి 6 వరకు విలువలకు ఏ హక్కూ అక్కర్లేదు. ముందు విలువ చూసి, ఆ తర్వాతే క్యాపబిలిటీ అడగండి. తిరగేస్తే, అనుమతి ఉన్న పనికి కూడా ఎస్ఈలినక్స్ (కెర్నల్‌లోని అదనపు భద్రతా వ్యవస్థ) ఆడిట్ లాగ్‌లో తిరస్కారాలు పోగుపడి, అసలైనవి వాటిలో కలిసిపోతాయి.

ప్రోగ్రామ్‌లు కెర్నల్‌తో మెసేజ్‌లు మార్చుకునే నెట్‌లింక్ సాకెట్ల దగ్గర మరింత జాగ్రత్త. హక్కులేని యూజర్ నెట్‌లింక్ సాకెట్ తెరిచి, దాన్ని సెట్‌యూఐడి ప్రోగ్రామ్‌కి (ఎవరు నడిపినా తన యజమాని, అంటే ఇక్కడ రూట్, హక్కుతో నడిచేది) స్టాండర్డ్ ఎర్రర్‌గా అంటగట్టవచ్చు. ఆ ప్రోగ్రామ్ రాసే ఎర్రర్ మెసేజే రూట్ హక్కుతో కెర్నల్‌కి చేరుతుంది. 2014లో భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2014-0181గా నమోదైన లోపం ఇదే. దానికి మందుగా వచ్చిన నెట్‌లింక్_క్యాపబుల్, నెట్‌లింక్_నెట్_క్యాపబుల్ సాకెట్ తెరిచినవారి హక్కునూ, ఇప్పుడు పంపుతున్నవారి హక్కునూ రెండింటినీ చూస్తాయి. మెసేజ్ హ్యాండ్లర్లలో మామూలు క్యాపబుల్ కనిపిస్తే అనుమానించండి.

టెస్ట్ నాలుగు విధాలుగా చేయండి: ఏ హక్కూ లేకుండా, ఒక్కో క్యాపబిలిటీ విడివిడిగా ఇచ్చి, రెండూ ఇచ్చి, చివరగా మామూలు యూజర్‌గా అన్‌షేర్ కమాండ్‌తో కొత్త యూజర్, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు తెరిచి. చివరి దానిలో గ్లోబల్ సెట్టింగ్ ఏదైనా మారిందంటే, క్యాపబుల్ ఉండాల్సిన చోట ఎన్‌ఎస్_క్యాపబుల్ పడిందేమో ముందు చూడండి.