మృతప్రాయం, అలంకారప్రాయం: ‘ప్రాయం’ వాడవలసిన తీరు

ఒక వస్తువు మరొక దానిని చాలావరకు పోలి ఉండి, పూర్తిగా అదే కానప్పుడు సమాసం చివర ‘ప్రాయం’ చేరుస్తాం. మృతప్రాయుడంటే చనిపోయినవాడు కాదు. కొన ఊపిరితో ఉన్నవాడు. కాబట్టి ‘ప్రమాదంలో మరణించి మృతప్రాయుడయ్యాడు’ అని రాయకూడదు. ‘పూర్తిగా మృతప్రాయుడయ్యాడు’ అన్నా పొసగదు, ఎందుకంటే ఆ కొంచెం మిగులును చెప్పడానికే ఈ మాట ఉన్నది.

‘లాంటి’, ‘వంటి’ అనేవి ఏ ఒక్క గుణం కలిసినా సరిపోతాయి. ‘ప్రాయం’ మాత్రం ఆ స్థితికి దాదాపు చేరువైందని చెబుతుంది, పైగా చాలాచోట్ల విలువ తగ్గించి చెబుతుంది. చుక్క నీరు రాని ట్యాంకు ‘అలంకారప్రాయంగా మిగిలింది’ అని పత్రికలు రాస్తాయి: కట్టడం కళ్లెదుటే ఉంది, దాని పని మాత్రం లేదు. ‘ప్రాణాలను తృణప్రాయంగా ఎంచాడు’ అన్నప్పుడు పోలిక ప్రాణానికీ గడ్డిపోచకూ మధ్య లేదు, ఎంచినవాడి లెక్కలో ఉంది; అందుకే అక్కడ ‘ఎంచు’, ‘భావించు’ వంటి క్రియ చక్కగా నప్పుతుంది. ‘సూచనప్రాయంగా అంగీకరించారు’ అన్న వార్తకు ‘అంగీకారం కుదిరింది’ అని శీర్షిక పెడితే అర్థం మారిపోతుంది.

మెచ్చుకోలుకు ‘కల్పుడు’ నప్పుతుంది: ఋషికల్పుడు, దేవకల్పుడు. కొద్దిపాటి అసంపూర్ణత అనే అర్థంలో ఈ ప్రత్యయాన్ని పాణిని అష్టాధ్యాయిలో (5.3.67) విధించాడు. మృతకల్పుడు అనే ప్రయోగమూ ఉంది కనుక ఇది ప్రశంసకే పరిమితమని అనలేం గాని, ఒక పెద్దాయనను ‘ఋషిప్రాయుడు’ అంటే చెవికి కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది.

‘ప్రాయం’ సంస్కృత పదాలతోనే అందంగా అతుకుతుంది. ‘చావుప్రాయం’ అనడం కంటే ‘చచ్చినంత పనైంది’ అనడమే తెలుగు. విశేషణంగా ‘శూన్యప్రాయమైన’ అనీ, క్రియకు ముందు ‘శూన్యప్రాయంగా’ అనీ వాడాలి.

పాత గ్రంథాలు చదివేటప్పుడు మరొక అర్థాన్ని గుర్తుంచుకోవాలి. అమరకోశంలోని ‘జలప్రాయం’ నీటిని పోలినది కాదు, నీరు ఎక్కువగా ఉన్న ప్రదేశం. ఇక ‘లేతప్రాయం’లో ఉన్నది వయసు, దానికి ఈ పోలికతో పని లేదు.