మోకాలికి వీఏ రేటింగ్ రాలేదా, తక్కువొచ్చిందా?

అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్లు మాజీ సైనికుల శాఖ వెటరన్స్ అఫైర్స్ (వీఏ) ఉత్తరం రాగానే వైకల్యానికి ఎంత శాతం (రేటింగ్) ఇచ్చారో చూస్తారు. ముందు చదవాల్సింది కారణం రాసిన పేరా. ఏ దారిన అప్పీలు చేయాలో అదే చెబుతుంది.

సమస్య: సర్వీసుకు సంబంధం లేదన్నారు

కారణం: దెబ్బ తగిలినట్టు రికార్డు ఉన్నా, దానికీ ఇప్పటి నొప్పికీ లంకె ఉందని చెప్పే డాక్టరు మాట ఫైల్లో ఉండదు.

పరిష్కారం: ఆర్థోపెడిక్ డాక్టరుతో నెక్సస్ లెటర్, అంటే ఆ లంకెను చెప్పే ఉత్తరం, రాయించండి. సంబంధం ఉండే అవకాశం కనీసం 50 శాతమని, ఎందుకో వివరిస్తూ రాయాలి. "ఉండొచ్చు" అంటే చాలదు. దాన్ని జతచేసి ఫారం 20-0995తో సప్లిమెంటల్ క్లెయిమ్ (కొత్త ఆధారంతో మళ్లీ పెట్టే దరఖాస్తు) వేయండి.

సమస్య: సంబంధం ఒప్పుకున్నారు, ఇచ్చింది మాత్రం 0 శాతం

కారణం చాలాసార్లు వీఏ చేయించే వైద్య పరీక్షలోనే ఉంటుంది. డాక్టరు గోనియోమీటరు (కోణం కొలిచే పరికరం) పెట్టి మోకాలు ఎంతవరకు వంగుతుందో కొలుస్తారు. 45 డిగ్రీల దగ్గర ఆగితే 10 శాతం, 30 దగ్గర 20, 15 దగ్గర 30. పళ్లు బిగబట్టి 110 దాకా వంచితే ఆ అంకే కాగితం మీదకెక్కుతుంది. మనవాళ్లకు "పర్లేదండీ" అనడం అలవాటు. దయచేసి అక్కడ అనకండి. నొప్పి ఎక్కడ మొదలైతే అక్కడే చెప్పండి.

పరిష్కారం: పరీక్ష రిపోర్టు తెప్పించుకుని చదవండి. బరువు మోపినప్పుడూ మోపనప్పుడూ, మీరే వంచినప్పుడూ డాక్టరు వంచినప్పుడూ నొప్పి ఎలా ఉందో చూడాలని మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు 2016లో కొరియా (Correia) అనే వ్యక్తి కేసులో ఇచ్చిన తీర్పు చెప్పింది. నొప్పి తిరగబెట్టిన రోజుల్లో కదలిక ఎంత తగ్గుతుందో అంచనా వేయాలని అదే కోర్టు 2017 షార్ప్ (Sharp) తీర్పు. ఇవి లేకపోతే ఫారం 20-0996తో హయ్యర్-లెవెల్ రివ్యూ (పై అధికారి పునఃపరిశీలన) అడగండి. అందులో కొత్త ఆధారాలు తీసుకోరు, కానీ పరీక్ష అసంపూర్ణమని తేలితే మళ్లీ చేయించాలి. కదిలిస్తే నొప్పి ఉందని రిపోర్టులోనే ఉంటే, వీఏ రేటింగ్ నియమాల్లోని 4.59 నిబంధన కింద కనీసం 10 శాతం అడగండి.

సమస్య: మోకాలు జారుతోంది, రేటింగ్ వంగే కొలతకే ఇచ్చారు

ఇలా మోకాలు నిలవకపోవడానికి (అస్థిరతకు) వీఏ రేటింగ్ పట్టికలోని 5257 కోడ్ కింద విడిగా రేటింగ్ ఉంది. డాక్టరు బ్రేస్ (మోకాలి పట్టీ) రాసిన చీటీ, మెట్ల మీద మీరు పడిపోవడం చూసిన ఇంట్లోవాళ్ల వాంగ్మూలం (ఫారం 21-10210) సప్లిమెంటల్ క్లెయిమ్‌కు జతచేయండి.

దేనికైనా ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు కదలండి, పాత తేదీ నుంచి బకాయి దక్కే వీలు అప్పుడే. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంఘాల్లోని, వీఏ గుర్తింపు పొందిన ప్రతినిధులు ఫీజు లేకుండానే సాయం చేస్తారు.